అగరొత్తి కాల్చిన కన్నం

మంగళవారం మూడు నలభైకి అంటించిన పోలీసు సీలుని శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట ఐదు నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ జియెన్ గోరుతో గీకి చింపాడు.

"చూసుకో అమ్మాయ్. పావుగంట ఇస్తున్నా," అన్నాడు.

అమ్మాయ్ అనిపించుకున్న యో సిన్‌రూకి ముప్పై నాలుగేళ్ళు. ప్రైవేటు డిటెక్టివ్. పొద్దున ఇల్లు కదిలేటప్పటికి మూడేళ్ళ కూతురికి ఒళ్ళు వెచ్చగా ఉంది. పక్కింటావిడ చేతిలో పెట్టి వచ్చింది. పదకొండింటికి తుఫాను గాలికి ఫోన్ల టవరు పడిపోయింది. అప్పటినుంచి ఆమె చెయ్యి జేబులోని ఫోను దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. ఇప్పుడూ ఒకసారి వెళ్ళి వచ్చింది.

నలుగురూ లోపలికి వెళ్ళారు. నాన్‌ఫాంగావ్ రేవులోని ఆ ట్యూనా శీతల గిడ్డంగిలో అన్నిటికన్నా ఇరుకైన గది అదే. కిటికీ లేదు. ఒక ఇనప బీరువా, అందులో కంప్యూటరు, ముందు చిన్న బల్ల, తెర, ఒక కుర్చీ. ఫ్యాక్టరీ తలుపులన్నీ, గడ్డకట్టించే గదుల చలి కొలతలన్నీ, ప్రమాద గంటలన్నీ ఆ ఒక్క లినక్స్ కంప్యూటరు చేతిలోనే ఉంటాయి. బయటినుంచి కార్డు ఆనించి వెళ్ళడం తప్ప, ఎవరు ఏ తలుపు తెరవాలన్నా, ఏ గది ఎంత చల్లగా ఉందో చూడాలన్నా, అది చూపించే ఒక పేజీలోనే చూడాలి, అందులోనే నొక్కాలి.

ఆ కుర్చీలో లాన్ పేషాన్ కూర్చుంది. ఏడో నెల. ఆయాసపడుతోంది. ఈ కంప్యూటర్ని చూసుకునేది ఆ పిల్లే. మంగళవారం మూడో నంబరు గదిలో దాయ్ అనే నాణ్యత తనిఖీదారు గడ్డకట్టి చచ్చిపోవడానికి కారణం కూడా ఆ పిల్లేనని పోలీసుల మాట. నాలుగింటికి కొండరోడ్డు మీద పడ్డ రాళ్ళు తీసేస్తారు. జిల్లా కేంద్రం ఇలాన్ నుంచి ప్రాసిక్యూటరు వస్తాడు. పేషాన్‌ని బండెక్కిస్తాడు. ఆమె మొగుడు పసిఫిక్ నడిమధ్యలో ఒక పడవ మీద ఉన్నాడు. శాటిలైట్ ఫోనులో రెండు నిమిషాలు ఏడ్చి, సిన్‌రూని పెట్టింది ఆయనే.

నాలుగో మనిషి మేనేజర్ ఓయాంగ్. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, టాబ్లెట్ చంకలో పెట్టుకుని.

"మొదట్నుంచి చెప్పు పేషాన్," అంది సిన్‌రూ. "మంగళవారం మధ్యాహ్నం."

"ఎన్నిసార్లు చెప్పిస్తావు ఆ పిల్ల చేత?" అన్నాడు జియెన్.

"నాకు ఒక్కసారే సార్. మీకు చెప్పింది మీ లెక్కలోకి పోయింది."

పేషాన్ గొంతు సవరించుకుంది. "ఆ రోజు పంచాంగంలో ఏడో నెల పున్నమి కదక్కా, ప్రేతాల పండగ. ఒకటిన్నరకి పెరట్లో బల్లలు వేసి, దిక్కులేని ప్రేతాలకి నైవేద్యం పెట్టారు. పన్నెండు మందీ అక్కడే. నేను వెళ్ళలేదు. కడుపుతో ఉన్నదాన్ని, ఆ చుట్టుపక్కలకే పోకూడదు. మా అత్తగారు పొద్దున్నే రెండుసార్లు చెప్పి పంపింది. పైన భోజనాల గదిలో తలుపేసుకుని కూర్చున్నా. మూడూ పదికి అరుపులు వినపడ్డాయి."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"అదీ సంగతి," అన్నాడు జియెన్. మడతపెట్టిన కాగితం తీసి సిన్‌రూ ముక్కు ముందు ఆడించాడు. "ఈ కంప్యూటర్లోంచి మేం అచ్చు తీసింది. రెండూ పదకొండుకి పేజీ నడిపే సర్వీసు ఆపేశారు. ఆపింది ఎవరూ? పేరు చదువు. పేషాన్. సర్వీసు లేకపోతే పేజీ లేదు, పేజీ లేకపోతే లోపలి గంట మోగదు, తలుపు తెరుచుకోదు. లోపల మనిషి ఉన్నాడు. మైనస్ యాభై ఎనిమిది డిగ్రీలు. ఇంకేం కావాలి?"

"ఆమె పాస్‌వర్డు ఎవరికీ తెలియదా?"

"కీబోర్డు కింద చీటీ అంటించుకున్నా," అంది పేషాన్, తల దించుకుని. "ఈమధ్య మతిమరుపు ఎక్కువైందక్కా."

"ఈ గదిలోకి ఎవరెవరు రావచ్చు?"

"కార్డులు రెండే. ఒకటో నంబరు నాది. రెండోది మేనేజర్ గారిది."

ఓయాంగ్ నెమ్మదిగా నవ్వాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. "నా కార్డు నా మెడలోనే ఉందమ్మా. ఒకటిన్నరకి అగరొత్తులు వెలిగించింది నేనే. ప్రతి పళ్ళెంలో, ప్రతి పొట్లంలో ఒక్కొక్కటి గుచ్చింది నేనే. ఆ రోజు ఈ గది గుమ్మం నేను తొక్కలేదు. పదకొండుమంది సాక్ష్యం ఉన్నారు."

"పదకొండుమందీ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు కదండీ."

"ఏంటమ్మా ఆ మాట!" అన్నాడు జియెన్. "మేనేజర్ గారిని ఇరవయ్యేళ్ళుగా ఎరుగుదును. నువ్వు కంప్యూటరు చదువు ఏ కాలేజీలో వెలగబెట్టావో చెప్పు ముందు."

"నెట్ కేఫ్‌లో సార్. వృత్తి బడిలో రెండో ఏడు మానేసి, నాలుగేళ్ళపాటు మీ అబ్బాయిలాంటి వాళ్ళు రాత్రంతా ఆటలాడి విరగ్గొట్టిన కీబోర్డులు బాగుచేశా."

పేషాన్‌కి నవ్వొచ్చి ఆపుకుంది. జియెన్‌కి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కొడుకు సంగతి రేవంతా తెలుసు.

సిన్‌రూ బీరువా తలుపు తీసి లోపల ఒకసారి చూసింది. కంప్యూటరు నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి కూర్చుని ఉంది. కొబ్బరి వాసనేసే మొక్కజొన్న గుల్లలు. దాని పేరుకే బుద్ధిగా ఉండు అని అర్థం. అది నెత్తిన ఉంటే యంత్రం పేచీ పెట్టదని దేశమంతా నమ్మకం.

"చదువుకున్నవాళ్ళ మొహాలూ, చిరుతిళ్ళ పూజలూ," అని గొణిగాడు జియెన్.

"మీ స్టేషన్లో కంప్యూటరు మీద లేదా సార్?"

"ఉంది. అది వేరే సంగతి. అది మా కానిస్టేబుల్ పెట్టాడు."

"గడువు దాటకుండా మారుస్తున్నాడా?"

"మారుస్తాడు. అందుకే నడుస్తోంది," అనేసి, నాలిక కరుచుకున్నాడు.

పేషాన్ మాత్రం నవ్వలేదు. కళ్ళార్పకుండా ఆ పొట్లం వంకే చూస్తోంది. ఏదో చెప్పబోయింది. ఓయాంగ్ అటు తిరిగేసరికి నోరు మూసుకుంది. సిన్‌రూ అది గమనించి, మాట మార్చింది.

"జియెన్ సార్, ఒక్కటి అడుగుతా. మూడో గది లోపల గోడకి ఎర్ర బటన్ ఉంది. నొక్కితే గంట మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు పేజీ బాగానే కనిపిస్తోంది. మూడో గది మైనస్ యాభై ఎనిమిది, గంట లేదు, అంతా పచ్చగా ఉంది. మరి ఆ బటన్ ఇవాళ పనిచేస్తోందా?"

"చేస్తుంది. తర్వాత ఈ పిల్లే సర్వీసు మళ్ళీ మొదలుపెట్టి ఉంటుంది, తప్పు కప్పిపుచ్చుకోడానికి."

"మీరు నొక్కి చూశారా?"

జియెన్ టోపీ సర్దుకున్నాడు.

"చూడలేదన్నమాట. మూడు రోజులై, మనిషి ప్రాణం పోయిన బటన్ని ఒక్కరూ నొక్కి చూడలేదు. నిండు గర్భిణిని జైలుకి పంపడానికి మాత్రం కాగితం అచ్చు తీశారు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. జియెన్ టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. "పదండి మేనేజర్ గారూ. నొక్కి చూపిస్తా ఈవిడకి. తర్వాత ఈవిడ నోరు ఎలా లేస్తుందో చూస్తా."

ఓయాంగ్ చంకలోని టాబ్లెట్ వంక ఒకసారి చూసుకున్నాడు. ఒక్క క్షణం ఆలస్యంగా, "అలాగే సార్, రెండు నిమిషాల పని," అన్నాడు.

"లోపలికెళ్ళే కోటు వేసుకోండి సార్," అంది పేషాన్.

"రెండు నిమిషాలకి కోటెందుకు తల్లీ!"

ఒకటీ ఇరవై నాలుగుకి ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.

అడుగుల చప్పుడు దూరమయ్యాక సిన్‌రూ మోకాళ్ళ మీద కూర్చుని పేషాన్ చేతులు పట్టుకుంది. మంచుముక్కల్లా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు. పొట్లం సంగతేంటి?"

"నవ్వుతావక్కా."

"నవ్వను."

"అది నాది కాదు. నేను మే రెండో తారీఖున పెట్టా. నా పేరూ తారీఖూ నల్ల పెన్నుతో రాసి పెట్టా. పుట్టబోయే బిడ్డకి రాసినట్టు, డిసెంబరు దాకా బుద్ధిగా ఉండు నాన్నా అని కూడా రాశా. దీని మీద ఏమీ లేదు చూడు."

సిన్‌రూ చేతి తొడుగు వేసుకుని పొట్లాన్ని దించింది. బుగ్గలా ఉబ్బి ఉండాల్సిన పొట్లం పాలు తాగని పిల్ల పొట్టలా మెత్తగా లోపలికి పోయింది. దీపం దగ్గరికి తిప్పి చూసింది. పై అంచుకి కాస్త కింద సన్నటి కన్నం. అంచులు గోధుమరంగులో కాలి ముడుచుకున్నాయి. చుట్టూ గులాబీరంగు మరక, అగరొత్తి పుల్లకి వేసే రంగు.

వాసన చూసింది. కొబ్బరి కాదు. పొగ.

తర్వాత నేలకి చెంప ఆనించి బీరువా కిందికి చూసింది. చీమలు. పద్ధతిగా ఒకే వరసలో, వెనక మూల నుంచి గాలిమర జాలీ దాకా. జాలీ సందులో నలిగిపోయిన మొక్కజొన్న గుల్ల ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

"నీ పొట్లం పగిలిందమ్మాయ్," అంది లేస్తూ. "ఎవరో హడావుడిగా బీరువా తలుపు లాగారు. పొట్లం కింద పడింది. బూటు కింద నలిగింది. ఊడ్చి తీసుకెళ్ళారు. నెత్తిన ఖాళీగా వదిలేసి ఉంటే మేమెవరం పట్టించుకునేవాళ్ళమే కాదు. కానీ యంత్రం నెత్తి బోసిగా ఉంటే ఆ మనిషికి చెయ్యి ఆడలేదు. తను చేసిన పని బెడిసికొడుతుందని భయం. చేతికి దొరికిన ఇంకో పొట్లం తెచ్చి పెట్టాడు. అది నైవేద్యం బల్ల మీది పొట్లం."

పేషాన్ కుర్చీ వెనక్కి జరిపింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళిపోయింది. "ప్రేతాలకి పెట్టిందా? మూడు రోజులుగా ఇక్కడా?"

"నువ్వు ముట్టుకుంటావా దాన్ని?"

"చచ్చినా ముట్టుకోను!"

"అదే నాకు కావలసింది. అగరొత్తులు వెలిగింది ఒకటిన్నరకి. సీలు పడింది మూడు నలభైకి. ఆ మధ్యలో ఈ పొట్లం ఈ గదిలోకి వచ్చింది. కార్డులు రెండు. నువ్వు ముట్టుకోవు. ఇక మిగిలింది..."

ఆ పేరు ఆమె నోట రాకముందే దీపం ఆరిపోయింది.

ఒకటీ ముప్పై ఒకటి. కటిక చీకటి. బీరువా అడుగున బ్యాటరీ పెట్టె కూత మొదలుపెట్టింది. కంప్యూటరు ఆగలేదు, తెర వెలుగుతూనే ఉంది. గోడల అవతల గాలి హోరు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. పేషాన్ సిన్‌రూ చొక్కా అంచు పట్టుకుంది.

మూడు నిమిషాలకి కింద ఎక్కడో జనరేటరు దగ్గి లేచింది. దీపం వచ్చింది. దాంతోపాటు తలుపులో ఠక్కుమని ఇనప గడియ పడింది.

సిన్‌రూ పిడి తిప్పింది. కదల్లేదు. పేషాన్ తన కార్డు ఆనించింది. ఎర్రదీపం. ఇంకోసారి. ఎర్రదీపం.

"కరెంటు పోయి వస్తే అన్ని తలుపులూ వాటంతటవే బిగుసుకుంటాయక్కా. కార్డులు పనిచెయ్యవు. పేజీలోంచే తెరవాలి."

"తెరువు."

పేషాన్ తెరమీద కంప్యూటర్ గది తలుపు మీద నొక్కింది. తలుపు తెరుచుకున్నది అని పచ్చ అక్షరాలు వచ్చాయి. తలుపు మాత్రం గోడలా నిలబడి ఉంది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ అవే అక్షరాలు. సిన్‌రూ భుజం పెట్టి తోసింది. ఇనుము.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో గాలి అప్పటికే రెండుసార్లు పీల్చి వదిలినట్టుంది. సిన్‌రూ మనసులో అనవసరంగా కూతురి నుదురు మెదిలింది. థర్మామీటరు పక్కింటావిడకి ఇచ్చిందా, మంచం మీదే మరిచిపోయిందా? ఆ ఆలోచనని పట్టుకుని పక్కన పెట్టింది.

పెట్టగానే కంటికి ఇంకోటి తగిలింది.

"పేషాన్, చలి కొలిచే యంత్రాలకి బ్యాటరీ ఉందా?"

"లేదక్కా. బ్యాటరీ ఈ కంప్యూటరుకి ఒక్కదానికే."

"అయితే ఇప్పుడు మూడు నిమిషాలు అవి చచ్చిపడున్నాయి కదా. గీత తెగాలి కదా." సిన్‌రూ తెరమీద వేలు పెట్టింది. మూడో గది గీత తాడు గుంజినట్టు సాఫీగా సాగిపోయింది. మైనస్ యాభై ఎనిమిది, మైనస్ యాభై ఎనిమిది, మైనస్ యాభై ఎనిమిది. "ఇది కొలత కాదు. ఎవరో గీసిన బొమ్మ."

పేషాన్ వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి, ఆగాయి. "నువ్వు చెప్పక్కా. నేను చేస్తా. నాకిప్పుడు సొంతంగా ఆలోచన రావట్లేదు."

"ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తియ్యి. పేజీ చూపించే సర్వీసు ఎలా ఉందో అడుగు ముందు."

పేషాన్ అడిగింది. జవాబు వచ్చింది. సర్వీసు ఆగిపోయి ఉంది. మంగళవారం రెండూ పదకొండు నుంచి.

"ఆగిపోయి ఉందా? మూడు రోజులుగానా? మరి ఈ పేజీ ఎవరు చూపిస్తున్నారు?"

"మూసిన కొట్లో ఎవరో కూర్చుని అమ్ముతున్నారన్నమాట. సర్వీసు మొదలుపెట్టు, ఏమంటుందో చూద్దాం."

మొదలుపెట్టింది. ఒక్క క్షణంలో తిప్పికొట్టింది. పేజీ బయటికి వెళ్ళే ఎనభయ్యో నంబరు గుమ్మం ఖాళీగా లేదు, అప్పటికే ఇంకెవరో ఉన్నారు అని.

"గుమ్మంలో ఎవరున్నారో అడుగు."

వచ్చింది. ఒక చిన్న ప్రోగ్రాము. పేషాన్ పేరు మీదే, చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డరులో కూర్చుని ఉంది. మొదలైన సమయం, మంగళవారం రెండూ పదకొండు నిమిషాల నలభై సెకన్లు. అసలు సర్వీసు ఆపిన ఎనిమిది సెకన్లకి.

పేషాన్ ఫోల్డరు తెరిచి చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీ అంచుకి జరిగింది. "ఇదేమీ చెయ్యదక్కా. ఎవరు ఏ తలుపు నొక్కినా తెరుచుకుంది అని రాస్తుంది. ఎవరు గంట నొక్కినా పారేస్తుంది. ఏ గదికైనా మైనస్ యాభై ఎనిమిదే. దీన్ని మంగళవారం కన్నా ముందే రాసి పెట్టుకున్నారు. పోయిన నెలలో మూడో గది యంత్రం రెండు రోజులు చెడిపోయింది. చేపంతా కరిగింది. మళ్ళీ గడ్డకట్టించి పడవకెక్కిద్దామన్నారని గుసగుస. దాయ్ గారు ఊరుకోలేదు. పేజీని నమ్మను, నా చేతి థర్మామీటరుతో చూస్తానన్నారు. ఆ రోజు అందుకే లోపలికెళ్ళుంటారు."

"అందరూ దణ్ణం పెట్టుకునేటప్పుడు." సిన్‌రూ గడియారం చూసింది. ఒకటీ నలభై. "చంపెయ్ దాన్ని."

పేషాన్ ఆ ప్రోగ్రామును ఆపింది. అసలు సర్వీసును మొదలుపెట్టింది. మళ్ళీ అదే జవాబు. గుమ్మం ఖాళీగా లేదు.

"ఇప్పుడే కదా ఆపావు?"

"ఆపానక్కా! మళ్ళీ వచ్చి కూర్చుంది! ప్రోగ్రాము నంబరు మారింది చూడు, కొత్తగా లేచింది."

"అయితే దాన్ని లేపేవాడు వేరే ఉన్నాడు. పిల్లాడు ఏడిస్తే పిల్లాణ్ణి కాదు, గిల్లేవాణ్ణి చూడాలి. నడుస్తున్నవన్నీ వరసగా చూపించు. అదే ఫోల్డరులోంచి వచ్చినవి ఇంకేమున్నాయి?"

వరస తెరంతా నిండింది. ఇద్దరూ తలలు ఆనించి పై నుంచి కిందికి చదివారు. చెమట పేషాన్ గడ్డం మీంచి కీబోర్డు మీద పడింది. కింద జనరేటరు దగ్గుతూనే ఉంది. నలభై మూడో వరసలో దొరికింది. అయిదు సెకన్లకోసారి లేచి, దొంగ పేజీ ఉందా అని చూసి, లేకపోతే మళ్ళీ లేపే కాపలావాడు.

"ముందు వీణ్ణి. తర్వాత దాన్ని. తర్వాత నీ సర్వీసు. ఊపిరి తీసుకుని వరసగా కొట్టు."

కాపలావాడు పోయాడు. దొంగ పేజీ పోయింది. పేషాన్ పెదాలు కదుపుతూ అయిదు లెక్కపెట్టింది. ఏమీ లేవలేదు. సర్వీసు మొదలుపెట్టింది.

ఈసారి తిప్పికొట్టలేదు. నడుస్తోంది అని వచ్చింది. ఒకటీ నలభై మూడు.

"బుద్ధిమంతుడివి నాన్నా," అంది పేషాన్, కంప్యూటరు అంచు నిమురుతూ. ఏడుస్తోంది.

పేజీ మళ్ళీ తెరిచారు. కొలతలు అన్నీ మారిపోయాయి. ఒక గది యాభై ఆరు, ఒకటి యాభై మూడు. గీతల్లో మూడు రోజుల ఖాళీ, చివర ఇప్పటి చుక్క. కింద నమోదుల పట్టీలో వరసలు పడటం మొదలైంది. ఒకటి, రెండు, పది, ఇరవై. ఆగకుండా.

"ఇవేంటి?"

"తలుపుల దగ్గరి పెట్టెలక్కా. పేజీ జవాబివ్వకపోతే అవి వాటి దగ్గరే దాచుకుంటాయి, కరెంటు పోయినా చెరగవు. అవి నిజంగా అందాయని ఇక్కణ్ణుంచి రసీదు వస్తేనే వదుల్తాయి. ఆ దొంగ పేజీకి రసీదు ఇవ్వడం తెలీదు. మూడు రోజులవి ఇప్పుడు ఒకేసారి దింపుతున్నాయి."

వరసలు కాలం ప్రకారం పడుతున్నాయి. సిన్‌రూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మంగళవారం, రెండూ తొమ్మిది. కంప్యూటర్ గది. కార్డు రెండు." సర్వీసు ఆగకముందు పడ్డ ఆఖరి వరస అది, ఇన్నాళ్ళూ దొంగ పేజీ దాన్నీ కప్పేసింది. "రెండూ పంతొమ్మిది, మూడో గది, లోపలి గంట. రెండూ పంతొమ్మిది, మూడో గది, లోపలి గంట. రెండూ ఇరవై..."

తర్వాత చదవలేదు. అవసరం లేదు. వరసలు వాటంతటవే పైకి పాకుతున్నాయి. లోపలి గంట, లోపలి గంట. దాయ్ అనే మనిషి ఆ ఎర్ర బటన్ని నలభై ఒక్కసార్లు నొక్కాడు. చివర్లో రెండు నొక్కుళ్ళ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఆఖరిది రెండూ యాభై రెండుకి. దాని కింద మూడూ ఇరవై రెండు, కంప్యూటర్ గది, మళ్ళీ కార్డు రెండు. పొట్లం పెట్టడానికి.

పేషాన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. "పైన కూర్చుని నేను పుట్టబోయే పిల్లకి మేజోళ్ళు అల్లుకుంటున్నానక్కా."

"ఇక్కడే ఉంది నీ విడుదల. నాలుగింటికి ప్రాసిక్యూటరు ముందు..."

మాట మధ్యలో ఆగిపోయింది. పట్టీ ఇంకా ఆగలేదు. మంగళవారం అయిపోయి శుక్రవారంలోకి వచ్చింది.

శుక్రవారం, ఒకటీ ఇరవై ఎనిమిది. మూడో గది. తలుపు మూసుకుంది.

ఒకటీ ఇరవై తొమ్మిది. మూడో గది. లోపలి గంట.

ఒకటీ ముప్పై. మూడో గది. లోపలి గంట.

లోపలి గంట. లోపలి గంట. లోపలి గంట.

"జియెన్ సార్," అంది సిన్‌రూ. కోటు లేదు. పదిహేను నిమిషాలు. ఆయన్ని ఆ గదిలోకి తోలింది ఓయాంగ్ కాదు, తన నాలిక. "తెరువు! మూడో గది తెరువు!"

"ఒక్కటి తెరవలేనక్కా! గడ్డకట్టించే గదుల తలుపులు కరెంటు పోయి వచ్చాక విడివిడిగా తెరుచుకోవు. ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్ళి చేత్తో సరిచేసుకునేదాకా అంతే. ఉన్నది అన్నీ తెరువు ఒక్కటే. అగ్నిప్రమాదానికి పెట్టింది. నొక్కితే ఫ్యాక్టరీలో ప్రతి తలుపూ తెరుచుకుంటుంది."

"నొక్కు మరి."

పేషాన్ నొక్కలేదు. పట్టీలో ఆఖరి వరసలు చూపించింది. కింది వసారా తలుపు, కార్డు రెండు, తిరస్కరణ, ఒకటీ ముప్పై ఆరు. కింది వసారా తలుపు, కార్డు రెండు, తిరస్కరణ, ఒకటీ ముప్పై తొమ్మిది. ఇంకా రెండు.

ఓయాంగ్ కింద ఉన్నాడు. జియెన్‌ని లోపల పెట్టి, చప్పుడు ఆగేదాకా గది ముందే కాచుక్కూర్చుని ఉంటాడు. కరెంటు వచ్చి గడియలు పడ్డప్పుడు తనే వసారాలో ఇరుక్కుపోయాడు. అతని చేతిలో టాబ్లెట్ ఉంది. ఈపాటికి అందులోనూ ఈ పేజీయే కనిపిస్తూ ఉంటుంది, ఇవే వరసలతో. ఆ వసారాకీ ఈ గదికీ మధ్య ఒక మెట్ల వరస, రెండు తలుపులు.

ఆ రెండు తలుపులూ మూసి ఉన్నంతసేపు తామిద్దరూ బతికి ఉంటారు. అవి మూసి ఉన్నంతసేపు జియెన్ చస్తూ ఉంటాడు.

తెరమీద కొత్త వరస పడింది. ఒకటీ నలభై నాలుగు. మూడో గది. లోపలి గంట. ముందు పడ్డదానికీ దీనికీ మధ్య ఒకటిన్నర నిమిషం ఎడం ఉంది.

సిన్‌రూ గోడకున్న మంటలార్పే సిలిండరు దించింది. బరువుకి చెయ్యి గుంజింది. "బీరువా వెనక సందులోకి వెళ్ళు. పొట్ట గోడవైపు పెట్టుకో. నేను పిలిచేదాకా రాకు."

"అక్కా, నీ కూతురు..."

"వెళ్ళమన్నానా!"

పేషాన్ సందులోకి ఒదిగింది. సిన్‌రూ జేబులో ఫోను ఒకసారి తడిమింది. చల్లగా ఉంది. ఎడమచేతి వేలితో తెరమీది ఎర్ర గడి మీద నొక్కింది.

అన్నీ తెరువు.

కింద నుంచి మొదలై ఒక్కో అంతస్తే పైకి వస్తూ ఠక్, ఠక్, ఠక్. ఆఖరి ఠక్ తన వెనక తలుపులో. సిన్‌రూ తలుపు పక్కకి జరిగి, వీపు గోడకి ఆనించి, సిలిండరు గొట్టం పైకెత్తి పట్టుకుంది. అక్కణ్ణుంచి తెర ఏటవాలుగా కనిపిస్తోంది. తుఫాను హోరులో మెట్ల మీద అడుగులున్నాయో లేవో చెవికి తెలియడం లేదు. పట్టీనే చూస్తూ నిలబడింది.

ఒకటీ నలభై నాలుగు, యాభై సెకన్లు. మూడో గది. తలుపు లోపలినుంచి తోశారు.

బతికే ఉన్నాడు. సిన్‌రూ కళ్ళు ఒక్క క్షణం చెమ్మగిల్లాయి.

తెరిచి ఉన్న తలుపుకి కార్డుతో పనిలేదు. తోస్తే చాలు. కానీ ఇరవయ్యేళ్ళు ఆ తలుపుల మధ్య తిరిగిన చెయ్యి అలవాటు మానదు. పట్టీలో ఇంకో వరస పడింది. సిన్‌రూ దాన్ని చదివింది. అదే క్షణంలో భుజం పక్కన పిడి కిందికి కదిలింది.

ఒకటీ నలభై అయిదు. కంప్యూటర్ గది. కార్డు రెండు.